ఇల్లూ బడీ: దూరదేశపు తరగతితో కలిసి ఒక పాఠం



ఉపాధ్యాయుల నుండి మాకు వచ్చే ఉత్తరాల్లో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా కనబడుతోంది. "మా బడిని విదేశంలోని మరో బడితో కలిపి పాఠం చెప్పే కార్యక్రమంలో చేర్చారు. ఏర్పాట్లన్నీ నన్ను చూడమన్నారు. కంప్యూటర్ పని నాకు అంతగా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతున్నారు. ఇలా రాసేవారిలో చాలామంది ఇరవై, ఇరవై అయిదేళ్లుగా తరగతి గదిలో ఉన్నవారు. పిల్లవాడి ముఖం చూసి పాఠం అర్థమయిందో లేదో చెప్పగలవారు. అటువంటివారు "ఇది మావల్ల కాదు" అని తప్పుకుంటే, ఆ పని కంప్యూటర్ బాగా తెలిసి పిల్లల సంగతి అంతగా తెలియనివారి చేతికి వెళుతుంది. అప్పుడు తెర మీద బొమ్మలు బాగానే కదులుతాయి గాని పిల్లలు నేర్చుకునేది తక్కువవుతుంది.

గనుక ఈ నెల ఆ ప్రశ్నకే జవాబు రాస్తున్నాము. మేము చెప్పదలచింది ముఖ్యంగా ఒక్కటే. దూరాన ఉన్న తరగతితో కలిసి పనిచేయాలంటే ముందుగా వారి గడియారం, వారి సెలవులు, వారి ఇంటర్నెట్ కనెక్షన్, వారి భాష తెలుసుకోవాలి. అవి తెలిస్తే ఏ సాధనం కావాలో చాలావరకు దానంతట అదే తేలుతుంది. నేర్చుకోవలసిన సాధనాలు కూడా మీరు భయపడినన్ని లేవు.

ఎప్పటినుండో ఉన్న పనే

రెండు దూరపు తరగతులు కలిసి చదువుకోవడం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1920లలో ఫ్రాన్సు దేశంలో సెలెస్తిన్ ఫ్రెనే అనే బడిపంతులు తన తరగతిలోకి ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఊరి సంగతులు తామే రాసి, అక్షరాలు తామే పేర్చి అచ్చువేశారు. ఆ కాగితాలను దేశానికి మరో కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతపు బడికి తపాలాలో పంపి, అక్కడి పిల్లల కాగితాలు తెప్పించుకున్నారు. తాము రాసింది ఎవరో దూరాన చదువుతారని తెలిసిన పిల్లవాడు అక్షరదోషం లేకుండా రాయాలని తనంతట తానే శ్రద్ధ తీసుకుంటాడు.

1988లో, అమెరికా, సోవియట్ యూనియన్ ఇంకా ఒకదానినొకటి అనుమానంగా చూసుకుంటున్న రోజుల్లో, న్యూయార్క్ రాష్ట్రంలోని 12 బడులను, మాస్కోలోని 12 బడులను కంప్యూటర్ల ద్వారా కలిపారు. రెండు వైపుల పిల్లలూ కలిసి పాఠాలు చేశారు. ఆ ప్రయత్నం నుండి పెరిగినదే ఐఎర్న్ అనే అంతర్జాతీయ సంస్థ. దాని ద్వారా నేడు 140కి పైగా దేశాల బడులు కలుస్తున్నాయి. మన దేశంలో కూడా దాని శాఖ ఉంది. ఐరోపా దేశాలు 2005లో ఈ-ట్విన్నింగ్ అనే పేరుతో ఇటువంటి ఏర్పాటు మొదలుపెట్టాయి. అందులో పది లక్షలకు పైగా ఉపాధ్యాయులు చేరారు.

మన హైదరాబాద్‌కు కూడా ఈ కథలో చోటుంది. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సుగతా మిత్రా 2009లో ఒక విన్నపం చేశారు. హైదరాబాద్ బడిపిల్లలతో స్కైప్‌లో మాట్లాడి, వారికి కథలు చదివి వినిపించడానికి బ్రిటన్‌లోని పెద్దలు వారానికి కొంత సమయం ఇవ్వగలరా అని అడిగారు. చాలామంది ముందుకొచ్చారు. వారిలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. ఈ ఏర్పాటుకు "గ్రానీ క్లౌడ్" అని పేరు వచ్చింది, అనగా బామ్మల బృందం. వయస్సు మీదపడినవారు కొత్త సాధనం నేర్చుకోలేరనే మాటకు ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది? వారికి మాట్లాడవలసిన పిల్లలు కనబడ్డారు, గనుక స్కైప్ నేర్చుకున్నారు.

మొదట పని, తరువాత సాధనం

ఐఎర్న్‌లో ఎవరైనా కొత్త పని ప్రతిపాదిస్తే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ పని వల్ల లోకంలోని జీవితం ఏ విధంగా మెరుగవుతుంది? చాలా పెద్ద ప్రశ్నలాగా కనిపిస్తుంది గాని దాని ఉపయోగం చాలా చిన్నది, ఆచరణీయమైనది. "విదేశీ పిల్లలతో పరిచయం" అని రాస్తే ఆ ప్రశ్నకు జవాబు రాదు. "మా ఊరి చెరువు నీటిని, మీ ఊరి నది నీటిని ఒకే పద్ధతిలో ఆరు వారాలు పరీక్షించి, ఫలితాలు రెండు ఊళ్ల పెద్దల ముందు పెడదాం" అంటే జవాబు వస్తుంది. పని అంత స్పష్టంగా ఉంటే ఏం రాసి ఉంచాలి, ఎన్నిసార్లు కలవాలి, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి అనేవి కూడా స్పష్టమవుతాయి.

పని ఎలా పంచుకోవాలో కూడా అనుభవజ్ఞులు ఒక దారి వేసి పెట్టారు. మార్గరెట్ రీల్ అనే అమెరికన్ విద్యావేత్త రూపొందించిన "లెర్నింగ్ సర్కిల్" పద్ధతిలో ఆరు నుండి ఎనిమిది తరగతులు ఒక వలయంగా చేరతాయి. కాలం సుమారు 14 వారాలు. అందులో ఆరు దశలు ఉన్నాయి: సిద్ధపడడం, పరిచయం చేసుకోవడం, పనులు నిర్ణయించుకోవడం, రాసినవి ఇచ్చిపుచ్చుకోవడం, అంతా కలిపి ప్రచురించడం, వీడ్కోలు చెప్పుకోవడం. ప్రతి తరగతీ ఒక అంశాన్ని తన బాధ్యతగా తీసుకుంటుంది. మిగిలిన తరగతులన్నీ ఆ అంశానికి తమ వంతు రాసి పంపుతాయి. గనుక ప్రతి తరగతీ ఒకచోట ఆతిథ్యమిచ్చేది, మిగిలిన చోట్ల అతిథి. ఏ దేశమూ ఎప్పుడూ ఇచ్చేదిగానో, ఎప్పుడూ పుచ్చుకునేదిగానో మిగిలిపోదు. మన పల్లె బడి పిల్లలు పెద్ద దేశపు బడి ముందు తలవంచుకు కూర్చోకుండా ఉండాలంటే ఇటువంటి ఏర్పాటు అవసరం.

నేర్చుకోవలసినవి నాలుగు

ఇప్పుడు సాధనాలకు వద్దాము. దుకాణంలో ఉన్నవన్నీ కొనుక్కొచ్చి వంట మొదలుపెట్టము గదా. ఈ పనికి కావలసినవి నాలుగు.

మొదటిది, ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒక దారి. ఈమెయిల్ గాని, వాట్సాప్ గ్రూపు గాని, ఏదో ఒక్కటే ఉండాలి. సగం మాటలు ఒకచోట, సగం మాటలు మరోచోట ఉంటే ఎవరు ఏమి ఒప్పుకున్నారో తెలియదు. కబుర్లు వాట్సాప్‌లో చెప్పుకున్నా, నిర్ణయాలు మాత్రం ఈమెయిల్‌లో రాసుకోవడం మంచిది. ఆరు నెలల తరువాత వెతికినా దొరుకుతాయి.

రెండవది, అందరూ కలిసి రాసే పట్టిక. గూగుల్ షీట్స్ వంటివి దీనికి పనికొస్తాయి. బడి హాజరు పట్టీ రాసినవారికి ఇందులో కొత్తదనం చాలా తక్కువ. అడ్డంగా తేదీలు, నిలువుగా బడుల పేర్లు, గడుల్లో ఎవరు ఏ పని చేయాలి, చేశారా లేదా అన్నది. తేడా ఏమిటంటే ఈ పట్టీ అన్ని దేశాల ఉపాధ్యాయుల ముందూ ఒకేసారి తెరిచి ఉంటుంది. ఇక్కడ మూడు రకాల అనుమతులు తెలుసుకోవాలి: చూడడానికి మాత్రమే, వ్యాఖ్య రాయడానికి, మార్చడానికి. ఉపాధ్యాయులకు మార్చే అనుమతి, పిల్లలకూ తల్లిదండ్రులకూ చూసే అనుమతి ఇస్తే సరిపోతుంది. చాలామంది భయం "నా చేయి తగిలి అంతా చెరిగిపోతుందేమో" అని. ఇటువంటి ఫైళ్లు తమ పాత ప్రతులను తామే దాచుకుంటాయి. ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో చూడవచ్చు, నిన్నటి ప్రతిని మళ్లీ తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మొదటిరోజే నేర్చుకుంటే సగం భయం పోతుంది.

మూడవది, అందరికీ చెందిన ఫైళ్ల పెట్టె, అనగా ఫోల్డరు. ఫైలు పేరు పెట్టడంలో అందరూ ఒకే పద్ధతి పాటించాలి: దేశం, బడి, తరగతి, తేదీ. తేదీ విషయంలో జాగ్రత్త. మనం 3/4 అని రాస్తే ఏప్రిల్ మూడు. అమెరికా వారికి అది మార్చి నాలుగు. నెల పేరు అక్షరాల్లో రాస్తే ఏ తగాదా ఉండదు.

నాలుగవది, ముఖాముఖి కలుసుకునే వీడియో సమావేశం. ఇదే అన్నిటికంటే ముఖ్యమైనదని అందరూ అనుకుంటారు గాని, మా దృష్టిలో దీని వంతు అన్నిటికంటే తక్కువ. మొదట పరిచయానికి ఒకసారి, చివర వీడ్కోలుకు ఒకసారి, మధ్యలో కుదిరితే మరొకసారి. ఎక్కువ పని ఉత్తరాల్లోను, పట్టికలోను జరగాలి. ఎందుకనగా కరెంటు పోయినా, వాన వచ్చి కనెక్షన్ తెగినా అవి నిలిచి ఉంటాయి.

ఈ నాలుగింటిని ఇంట్లోనే సాధన చేయవచ్చు. వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్న కూతురితోనో, మేనల్లుడితోనో కలిసి పండుగ ప్రయాణం ఖర్చుల పట్టిక ఒకటి రాసుకోండి. వారు అక్కడ ఒక గడిలో రాస్తే మీకు ఇక్కడ కనబడుతుంది. రెండు వారాలు అలా చేస్తే విదేశీ ఉపాధ్యాయుల ముందు చేయి వణకదు.

సాధనం ఎంచుకునేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. అందరిలోకి బలహీనమైన కనెక్షన్ ఎవరిదో కనుక్కుని, వారికి తెరుచుకునే సాధనాన్నే వాడాలి. ఒక బడిలో ప్రతి పిల్లవాడి ముందూ కంప్యూటర్ ఉండవచ్చు, మరో బడిలో టీచరుగారి చేతిలోని ఫోను ఒక్కటే ఉండవచ్చు. ఆ ఫోనులో తెరుచుకోని సాధనం ఎంత అందమైనదైనా ఆ తరగతిని వెలుపల నిలబెట్టినట్లే.

గడియారం, సెలవులు

కార్యక్రమాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మన గడియారం లండన్ కంటే చలికాలంలో అయిదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు ముందుంటుంది. వారు మార్చి చివరి ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తెస్తారు. అమెరికాలో ఆ మార్పు మార్చి రెండవ ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది. మనం గడియారం మార్చము గనుక ఈ సంగతి మన మనస్సుకు తట్టదు. అక్టోబర్‌లో మధ్యాహ్నం రెండున్నరకు సరిగ్గా కుదిరిన సమావేశం నవంబర్‌లో గంట తప్పుతుంది. ఇక్కడ నలభైమంది పిల్లలు తెర ముందు ఎదురుచూస్తుంటారు, అక్కడ అనుకున్న వేళకు ఇంకా గంట ఉంటుంది.

మన మధ్యాహ్నం 3 గంటలకు లండన్‌లో చలికాలంలో ఉదయం 9:30, నైరోబిలో మధ్యాహ్నం 12:30. ఇవి రెండూ బడివేళలే. మన ఉదయం 10 గంటలకు టోక్యోలో మధ్యాహ్నం 1:30, అదీ అనుకూలమే. అమెరికాతో మాత్రం బడివేళలు కలవవు. చికాగోలో ఉదయం 8:30 అయ్యేసరికి మనకు చలికాలంలో రాత్రి 8 గంటలు. గనుక అమెరికా బడితో పనిచేసేవారు ముఖాముఖి కోసం పిల్లలను రాత్రిపూట బడికి రప్పించే ఆలోచన మాని, రాసి పంపుకునే పద్ధతే ఎంచుకోవడం మేలు.

సెలవులు కూడా అంతే. మన బడులు జూన్‌లో తెరుస్తారు. ఐరోపాలో సెప్టెంబర్‌లో, జపాన్‌లో ఏప్రిల్‌లో, ఆస్ట్రేలియాలో జనవరి చివర తెరుస్తారు. మనకు దసరా, సంక్రాంతి సెలవులు, వారికి క్రిస్మస్ సెలవులు. మార్చిలో మన పదవ తరగతి పరీక్షలు. బంగ్లాదేశ్ వంటి దేశాల్లో వారపు సెలవు శుక్రవారం. ఇవన్నీ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూస్తే, ఉదాహరణకు బ్రిటన్‌తో పనిచేయడానికి నవంబర్ మొదటి వారం నుండి డిసెంబర్ రెండవ వారం వరకు చక్కని కాలమని తెలుస్తుంది. పట్టికలో మొదటి పుట ఈ సెలవులదే కావాలి.

నీడ కొలిచే పాఠం

మాట వరుసకు ఒక పాఠం తీసుకుందాం. భూమి చుట్టుకొలతను ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో ఐగుప్తులో నీడల సహాయంతో లెక్కగట్టాడు. ఈ లెక్కను నేటికీ అనేక దేశాల బడిపిల్లలు కలిసి చేస్తున్నారు. కావలసింది ఒక మీటరు కర్ర, టేపు, ఎండ, దూరాన ఒక స్నేహితుల తరగతి.

హైదరాబాద్, కొలంబో, కజకిస్తాన్‌లోని అల్మాటి, ఈ మూడు నగరాలు పటం మీద ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. పగలు, రాత్రి సమానంగా ఉండే మార్చి 20 లేక 21 తేదీన, సూర్యుడు నడినెత్తికి చేరిన వేళ నిలువుగా నిలబెట్టిన మీటరు కర్ర నీడ కొలంబోలో సుమారు 12 సెంటీమీటర్లు, హైదరాబాద్‌లో 31, అల్మాటిలో 94 సెంటీమీటర్లు ఉంటుంది. ఒకే సూర్యుడు, ఒకే కర్ర, మూడు నీడలు. భూమి బల్లపరుపుగా లేదని పిల్లలకు ఇంతకంటే తేటగా చెప్పలేము.

నీడను బట్టి కోణం కట్టుకోవచ్చు. హైదరాబాద్‌కూ కొలంబోకూ మధ్య కోణంలో తేడా సుమారు పదిన్నర డిగ్రీలు. పటం మీద స్కేలుతో కొలిస్తే ఉత్తర దక్షిణ దూరం దాదాపు 1,165 కిలోమీటర్లు. పదిన్నర డిగ్రీలకు అంత అయితే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 40,000 కిలోమీటర్లు వస్తుంది. భూమి చుట్టుకొలత నిజంగానే ఇంచుమించు అంతే.

ఇప్పుడు ఏర్పాట్ల సంగతి చూడండి. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ గడియారంలో 12 కాదు. ఆ రోజు హైదరాబాద్‌లో సుమారు 12:23, కొలంబోలో 12:18. అందుచేత 12 గంటల నుండి 12:45 వరకు అయిదేసి నిమిషాలకు ఒకసారి కొలిచి, అన్నిటికంటే పొట్టి నీడను తీసుకోవాలని ముందే రాసుకోవాలి. కొలతలు అందరూ సెంటీమీటర్లలోనే రాయాలి. 1999లో అమెరికా వారి అంతరిక్ష నౌక ఒకటి కుజగ్రహం దగ్గర నాశనమైంది. రెండు బృందాల్లో ఒకరు మెట్రిక్ కొలతలు, మరొకరు ఇంగ్లీషు కొలతలు వాడడమే కారణం. పెద్ద శాస్త్రవేత్తలకే అలా జరిగినప్పుడు ఏడవ తరగతి పిల్లలకు ముందుగా చెప్పడంలో తప్పులేదు.

మరొక ముఖ్య విషయం, అందరూ ఒకేరోజు కొలవాలి. ఆ రోజుల్లో సూర్యుడి స్థానం రోజుకు దాదాపు 0.4 డిగ్రీ జరుగుతుంది. ఒక తరగతి నేడు, మరో తరగతి రేపు కొలిస్తే, హైదరాబాద్, కొలంబోల లెక్కలో భూమి చుట్టుకొలత సుమారు 1,500 కిలోమీటర్లు తేడా వస్తుంది. మబ్బు పట్టవచ్చు గనుక వరుసగా నాలుగు రోజులు కొలిచి, మూడు ఊళ్లలోనూ ఎండ కాసిన రోజును ఎంచుకోవడం మంచి ఉపాయం. పట్టికలో నిలువు వరుసలు ఇవి చాలు: బడి, తేదీ, సమయం, కర్ర ఎత్తు, నీడ పొడవు, ఆకాశం ఎలా ఉంది. కొలంబో గడియారం మన గడియారంతో సమానం. అల్మాటి అరగంట వెనుక. కొలత అయిన వెంటనే ముగ్గురూ గడులు నింపితే, అదేరోజు సాయంత్రానికి పిల్లల ముందు భూగోళం కొలత సిద్ధంగా ఉంటుంది. ఇంత పాఠానికి కావలసిన డిజిటల్ సాధనం ఒక్క పట్టిక మాత్రమే.

భాష, అక్షరం

పై పాఠంలో ఒక సౌకర్యం గమనించారా? అంకెలకు అనువాదం అక్కరలేదు. సింహళం, తమిళం, కజక్, రష్యన్, తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే పట్టికను చదవగలుగుతారు. ఇంగ్లీషు అంతగా రాని పిల్లలున్నచోట కొలతలు, పటాలు, బొమ్మలు, పాటలు, వంటకాలు వంటి అంశాలు ఎంచుకుంటే మాటకారి పిల్లలే అంతా చేసి మిగిలినవారు చూస్తూ ఉండే పరిస్థితి రాదు.

మన పిల్లలు తెలుగులో రాయకూడదని ఎవరూ అనలేదు. తెలుగులో రాసి, పక్కన ఇంగ్లీషు అర్థం ఇస్తే అవతలి పిల్లలకు మన అక్షరాల అందం కూడా తెలుస్తుంది. ఒక చిన్న జాగ్రత్త మాత్రం ఉంది. అచ్చు పనికి వాడే పాత రకం ఫాంట్లలో కొట్టిన తెలుగు మరో దేశపు కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. ఫోన్లలో కొట్టే తెలుగు యూనికోడ్ పద్ధతిలో ఉంటుంది, అది ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనబడుతుంది. గనుక యూనికోడ్‌లోనే రాయించండి.

తెలుగు తెలిసిన స్నేహితుల తరగతి కావాలనుకుంటే మారిషస్ వైపు చూడవచ్చు. 19వ శతాబ్దంలో కోరంగి మొదలైన రేవుల నుండి చెరకు తోటల్లో పనికి వెళ్లిన మనవారి సంతతి అక్కడ ఉన్నారు. అక్కడి బడుల్లో తెలుగు నేర్పుతున్నారు. గడియారం తేడా గంటన్నర మాత్రమే. మనకు ఉదయం 11 అయితే వారికి 9:30. క్రియోల్, ఫ్రెంచి, ఇంగ్లీషుల మధ్య పెరుగుతూ తెలుగు నేర్చుకునే ఆ పిల్లలకూ, మన పిల్లలకూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేది ఎంతో ఉంది.

పిల్లల ఫోటోలు, పేర్లు

తల్లిదండ్రులు దీనిని శ్రద్ధగా చదవాలి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి వివరాలు వాడడానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమని చెబుతుంది. అమెరికా చట్టం 13 ఏళ్లలోపు వారికి అటువంటి రక్షణ ఇస్తుంది. ఐరోపాలో 13 నుండి 16 వరకు దేశాన్ని బట్టి మారుతుంది. భాగస్వాముల్లో అందరికంటే గట్టి నియమం ఎవరిదో దానినే అందరూ పాటిస్తే చిక్కు ఉండదు.

ఆచరణలో చేయవలసింది కష్టమేమీ కాదు. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, ఏమి పంపుతారో ఎవరు చూస్తారో అందులో రాయాలి. పిల్లల ఇంటిపేరు, చిరునామా, ఫోను నంబరు ఎక్కడా కనబడకూడదు. తరగతి ఫోటో కావాలంటే పనిచేసే చేతులు, గీసిన బొమ్మలు తీసినా చాలు. పిల్లలకు వేరు వేరు ఖాతాలు తెరవకుండా టీచరుగారి ఖాతా నుండే పంపాలి. ఇతర దేశపు పెద్దలెవరైనా పిల్లలతో విడిగా మాట్లాడే ఏర్పాటు ఉండకూడదు, టీచరు సమక్షంలోనే మాట్లాడాలి. ఏ తల్లిదండ్రులైనా అనుమతి ఇవ్వకపోతే ఆ పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టక, పేరు లేకుండా చేసే పనిలో చేర్చుకోవాలి.

జవాబు రాకపోతే

ఇటువంటి పనుల్లో పిల్లల మనస్సు నొచ్చుకునేది ఒకచోట. వారు ఎంతో శ్రద్ధగా రాసి పంపుతారు. వారం గడుస్తుంది, రెండు వారాలు గడుస్తాయి, జవాబు రాదు. రోజూ "టీచర్, వచ్చిందా?" అని అడుగుతారు. తరువాత అడగడం మానేస్తారు. మళ్లీ ఏదైనా రాయమంటే కలం కదలదు. అవతలివారు ఉద్దేశపూర్వకంగా చేసింది కాకపోవచ్చు, అక్కడ పరీక్షలో, టీచరుగారికి బదిలీయో అయి ఉండవచ్చు. కారణం ఏదైనా పిల్లలకు అర్థమయ్యేది ఒకటే, తమ మాట ఎవరికీ అక్కరలేదని.

దీనికి మందు మొదటి వారంలోనే వేయాలి. రెండు బడులే కాక మూడు, నాలుగు బడులు ఉండేలా చూడండి. ఒకరు ఆగిపోయినా మిగిలినవారి జవాబులు వస్తాయి. ప్రతి బడి నుండి ఇద్దరు ఉపాధ్యాయుల పేర్లు పట్టికలో ఉండాలి. పని పూర్తికాకపోయినా వారం లోపల "మీ ఉత్తరం అందింది, పిల్లలు చదివారు, మా వంతు ఫలానా తేదీకి పంపుతాము" అని రెండు వాక్యాలు రాయాలనే ఒప్పందం ముందే చేసుకోండి. మనం కూడా ఆ మాటకు కట్టుబడాలి. మన జవాబు కోసం కూడా ఎక్కడో ఒక తరగతి ఎదురుచూస్తుంది గదా.

సాధనాలు పోతాయి

వికీస్పేసెస్ అనే చోట వేలాది తరగతులు తమ పనులు దాచుకున్నాయి, 2018లో దానిని మూసివేశారు. పిల్లలు చిన్న వీడియోలు పంపుకునే ఫ్లిప్ 2024లో విడిగా ఉండడం మానేసింది. గూగుల్ వారి జామ్‌బోర్డు 2024 డిసెంబర్‌తో ముగిసింది. బామ్మలు హైదరాబాద్ పిల్లలకు కథలు చెప్పిన స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది.

దీని నుండి రెండు సంగతులు నేర్చుకోవాలి. ఒకటి, పిల్లల పనిని ప్రతి నెలా ఒక పెన్‌డ్రైవులో దాచి, మంచివి కాగితం మీద అచ్చుతీసి బడి గ్రంథాలయంలో పెట్టాలి. ఫ్రెనే పిల్లలు అచ్చువేసిన పద్ధతికి ఇప్పటికీ విలువ ఉంది. రెండు, బటన్లు ఎక్కడున్నాయో కంఠస్థం చేయనవసరం లేదు. పని పంచుకోవడం, తేదీ నిర్ణయించడం, అనుమతి ఇవ్వడం, ప్రతి దాచడం, ఈ నాలుగూ ఏ సాధనంలోనైనా ఉంటాయి. ఒకచోట నేర్చుకున్నవారు మరోచోట వాటిని వెతుక్కోగలరు. ఇవాళ కొత్తగా నేర్చుకునేవారు, పదేళ్ల క్రితం నేర్చుకున్నవారికంటే పెద్దగా వెనుకబడి లేరని కూడా దీని అర్థం.

ఇంట్లోని వారు చేయగల సహాయం

అమ్మానాన్నలారా, మీ పిల్లల టీచరుగారు ఇటువంటి పని తలపెడితే "పరీక్షల్లో మార్కులు వస్తాయా?" అని మొదటి ప్రశ్న వేయకండి. నీడ కొలిచిన పిల్లవాడికి కోణాలు, అక్షాంశాలు, నిష్పత్తులు మూడూ ఒకేరోజు పట్టుబడతాయి. సమావేశం రోజున మంచి ఫోను ఉన్నవారు ఒక గంట దానిని బడికి ఇవ్వవచ్చు. విదేశంలో ఉన్న బంధువుల ద్వారా అక్కడి బడి సెలవులు కనుక్కుని చెప్పవచ్చు. తాతయ్యలు, బామ్మలు అక్కడి పిల్లలు అడిగిన ప్రశ్నలకు మన ఊరి చెరువు, పంట, పండుగల సంగతులు చెప్పి రాయించవచ్చు. ఇంటర్నెట్‌లో దొరకని ఆ సంగతుల కోసమే అవతలి తరగతి మన తరగతిని వెతుక్కుంటూ వస్తుంది.

ఈ సంవత్సరం ప్రారంభించదలచినవారు ఒక తరగతి, ఒక చిన్న పాఠం, ఆరు వారాల కాలం, ఒక పట్టికతో మొదలుపెట్టండి. మొదటి పుటలో అందరి సెలవులు రాయండి. రెండవ పుటలో ఎవరు ఏ తేదీకి ఏమి పంపుతారో రాయండి. ఆ తేదీకి మీ తరగతి ఉత్తరం బయలుదేరాలి. మిగిలినవి పని చేస్తూ ఉండగా వస్తాయి.